పోపు పాలన మీద విచారణలో (పారిష్‌లో) చర్చ పెట్టుకునే పద్ధతి

2025 ఏప్రిల్ 21న, ఈస్టర్ మరునాటి సోమవారం మధ్యాహ్నం, పోపు ఫ్రాన్సిస్ గారి మరణవార్త మా విచారణకు చేరింది. ఆ సాయంత్రం గుడి గంట కొట్టి అందరం జపమాల చెప్పుకున్నాం. వారం తిరగకముందే, ఆయన పన్నెండేళ్ల పాలన శ్రీసభకు (కతోలిక సంఘానికి) మేలు చేసిందా, కీడు చేసిందా అనే వాదన గుడి అరుగు మీద మొదలైంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చిన ఒక కుర్రాడు సెల్‌ఫోన్‌లో దాచుకున్న అమెరికా ప్రసంగాలను వినిపిస్తే, ఏళ్ల తరబడి మరియదళంలో (మరియమాత భక్తుల సంఘంలో) ఉన్న పెద్దమ్మ ఒకరు, "పోపుగారికే వంకలు పెట్టేటంత పెద్దోనివైనవా బిడ్డా?" అని కసిరారు.

అరుగు మీది వాదనను ఒక పద్ధతిలో పెడదామని మేము ఏర్పాటు చేసిన మొదటి సమావేశం ముప్పావు గంటలో చెడిపోయింది. వరుసకు బావాబావమరుదులైన ఇద్దరు చెప్పులు తొడుక్కుని చెరో దారినా వెళ్లిపోయారు. తప్పు వాళ్లది కాదు, సమావేశం పెట్టిన మాది. "ఫ్రాన్సిస్ పోపుగారి పాలన మంచిదా, చెడ్డదా?" అని ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించి, అందరినీ దాని ముందు కూర్చోబెట్టాం. అలాంటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఏమీ చదివి ఉండనక్కరలేదు, ఏదో ఒక పక్షాన నిలబడితే చాలు. తర్వాత రెండు మూడు సార్లు కూర్చుని కాస్త తెలివి తెచ్చుకున్నాం. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు విచారణల్లో ఇలాంటి చర్చ పెట్టుకోవాలనుకునే వారికి పనికివస్తుందని ఆ పద్ధతిని రాస్తున్నాను.

రోజు, చోటు

ఆదివారం పూజ అయిన వెంటనే పెట్టవద్దు, ఎందుకంటే అందరి మనసూ ఇంటిమీద, పొలంమీద ఉంటుంది. తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందు నలభై రోజుల్లో) శుక్రవారం సిలువ మార్గం ముగిశాక గంటన్నర దొరుకుతుంది, మనుషులు కూడా నిమ్మళంగా ఉంటారు. ఇరవై మందికి మించకుండా చూసుకోండి. విచారణ గురువుల అనుమతి ముందే తీసుకోవాలి, అయితే వారిని మొదట మాట్లాడవద్దని, వీలైతే చివరి పావుగంటకే రమ్మని మర్యాదగా అడగాలి. ఫాదర్ గారు ముందు మాట్లాడితే మన ఊళ్లలో చర్చ అక్కడితో సరి.

మనిషిని కాక ఒక్క పనిని తీసుకోండి

2013 మార్చి 13న ఎన్నికై, 2025 ఏప్రిల్‌లో కన్నుమూసే వరకు ఫ్రాన్సిస్ గారు చేసిన పనుల్లో వివాదానికి గురైనవి ఒకదానికొకటి పోలిక లేనివి. 2016లో వెలువడిన అమోరిస్ లెతీషియా వివాహ జీవితానికి సంబంధించినది. 2018లో చైనా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం బిషప్పుల నియామకానికి సంబంధించినది. 2021 నాటి త్రదిత్సియోనిస్ కుస్తోదెస్ పాత లాటిన్ పూజకు, 2023 డిసెంబరు నాటి ఫిదూచియా సుప్లికాన్స్ స్వలింగ జంటల వంటివారికి ఇచ్చే ఆశీర్వాదాలకు సంబంధించినవి. వీటన్నిటినీ ఒక మూటగా కట్టి, ఆ మూట నచ్చిందా లేదా అని అడిగితే, నిజానికి పర్యావరణం మీద ఆయన రాసిన లౌదాతో సీని మెచ్చుకుంటూనే చైనా ఒప్పందాన్ని తప్పుపట్టే మనిషికి నిలబడే చోటు లేకుండా పోతుంది. అలాంటి వాళ్లే ఎక్కువమంది. కాబట్టి ఒక సాయంత్రానికి ఒక్క విషయమే తీసుకోవాలి.

లాటిన్ పూజ విషయాన్ని మాత్రం మొదటిసారికి తీసుకోవద్దని నా సలహా. రెండవ వాటికన్ మహాసభ తర్వాత మన దగ్గర పూజ తెలుగులోనే సాగుతోంది. 2007లో అప్పటి పోపు బెనెడిక్ట్ గారు ఇచ్చిన విస్తృత అనుమతిని 2021లో ఫ్రాన్సిస్ గారు ఎందుకు కుదించారన్నది ఫ్రాన్సులోనూ అమెరికాలోనూ గాఢమైన బాధే, కానీ మా కుర్రాడు సెల్‌ఫోన్ నుంచి అరువు తెచ్చిన కోపం అది. సొంత కోపాలతోనే మొదలుపెట్టడం మేలు.

ఆ మాట బరువెంతో ముందు తేల్చండి

చర్చలో అతి ముఖ్యమైన మెట్టు ఇది, దీనికి కనీసం అరగంట కేటాయించాలి. పోపుగారి నోటినుంచి, కలంనుంచి వచ్చిన ప్రతిదానికీ ఒకే బరువు ఉండదని శ్రీసభే చెబుతుంది. పట్టాదారు పాసుపుస్తకంలో ఎక్కినదీ, గ్రామసభ తీర్మానమూ, రచ్చబండ దగ్గర ఊరి పెద్ద అన్న మాటా ఒకటి కావని మనకు తెలుసు. ఇక్కడా అంతే.

అన్నిటికంటే పైన ఉండేది పొరపాటుకు తావులేని ప్రకటన. 1870 జూలై 18న మొదటి వాటికన్ మహాసభ దీన్ని నిర్వచించింది. విశ్వాసానికో నీతికో సంబంధించిన సిద్ధాంతాన్ని, సమస్త శ్రీసభ తప్పక నమ్మవలసినదిగా, పేతురు పీఠంనుంచి లాంఛనంగా ప్రకటించినప్పుడే ఆ రక్షణ వర్తిస్తుంది. ఆ నిర్వచనం తర్వాత ఈ విధంగా జరిగిన ప్రకటన ఒక్కటే, 1950 నవంబరు 1న పన్నెండవ భక్తినాథ (పయస్) పోపుగారు చేసిన మరియమాత మోక్షారోపణ (ఆత్మశరీరాలతో మోక్షానికి ఎత్తబడటం) ప్రకటన. ఫ్రాన్సిస్ గారు తన పాలన మొత్తంలో అలాంటి ప్రకటన ఒక్కటి కూడా చేయలేదు. ఈ ఒక్క సంగతి చెప్పగానే మా సమావేశంలో సగం వేడి తగ్గింది, ఎందుకంటే "పోపుగారు తప్పు చేయరు" అని ఒక పక్షం, "అయితే ఈ తప్పు మాటేమిటి" అని మరో పక్షం, ఇద్దరూ అపార్థం చేసుకున్న సిద్ధాంతం మీదే కొట్టుకుంటున్నారు.

దాని కింద ఉండేది పోపుగారి సాధారణ బోధ, అంటే విశ్వలేఖలు (శ్రీసభ అంతటికీ రాసే లేఖలు), అపోస్తలిక ప్రబోధాలు, సత్యోపదేశంలో (శ్రీసభ బోధలను కూర్చిన గ్రంథంలో) చేసే మార్పులు. 2018 ఆగస్టులో మరణశిక్ష అంగీకరించదగినది కాదని సత్యోపదేశం 2267వ అంశాన్ని తిరగరాయించడం ఈ కోవలోకి వస్తుంది. ఇలాంటి బోధకు బుద్ధీ మనసూ కలిపి భక్తితో లోబడాలని రెండవ వాటికన్ మహాసభ శ్రీసభను గురించిన పత్రం 25వ అంశంలో చెప్పింది. పోపుగారి ఉద్దేశాన్ని ఎలా కొలవాలో కూడా అక్కడే ఉంది. అది ఎలాంటి పత్రం, ఆ బోధను ఎన్నిసార్లు చెప్పారు, ఏ తీరులో చెప్పారు అనే మూడింటినీ చూడాలి. ఈ మూడు కొలతలను ఒక కాగితం మీద రాసి మధ్యలో పెట్టుకోండి. మేము గోడకు అంటించిన పాత అట్ట వెనకవైపే దీన్ని రాసుకున్నాం.

ఇంకా కిందికి వస్తే పరిపాలన నిర్ణయాలు ఉంటాయి. ఎవరిని కార్డినల్‌గా నియమించాలి, చైనాతో ఏం కుదుర్చుకోవాలి వంటివి ఇవే. వీటికి విధేయత చూపవలసిందే, కానీ వీటిని వివేకమైన నిర్ణయాలని ఒప్పుకోవలసిన నిర్బంధం ఎవరికీ లేదు. ఆ ఒప్పందం పూర్తి పాఠాన్ని ఇంతవరకూ బయటపెట్టలేదు. హాంకాంగ్ కార్డినల్ జోసెఫ్ జెన్ దాన్ని గట్టిగా విమర్శించారు, విమర్శించినందుకు ఆయన కార్డినల్ కాకుండా పోలేదు. అన్నిటికంటే అడుగున ఉండేవి విమానంలో విలేకరులతో అన్న మాటలు, ముఖాముఖి సంభాషణలు. ఫ్రాన్సిస్ గారి మీద మన దాకా వచ్చిన పొగడ్తలోనూ తిట్లలోనూ ఎక్కువ భాగం ఈ అడుగు మెట్టుమీద పుట్టినవే.

చదివిన తర్వాతే మాట్లాడండి

ఎంచుకున్న పత్రంలో వివాదానికి కారణమైన పేరాను ఒక సిస్టర్ గారో, డిగ్రీ చదివే అమ్మాయో ముందురోజే ఇంగ్లీషులో చదివి తెలుగులో రాసుకుని రావాలి. సమావేశంలో దాన్ని రెండుసార్లు బిగ్గరగా చదవాలి. దీనికి అమోరిస్ లెతీషియా మంచి ఉదాహరణ. 325 పేరాలున్న ఆ ప్రబోధంలో ప్రపంచమంతా పోట్లాడింది ఎనిమిదవ అధ్యాయంలోని 351వ పాదసూచిక మీద. విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకున్నవారు, ఇంకా అలాంటి చిక్కుల్లో ఉన్నవారు కృపలో ఎదగడానికి శ్రీసభ చేసే సహాయంలో కొన్ని సందర్భాల్లో దివ్యసంస్కారాలు (పాపసంకీర్తనం, సత్ప్రసాదం వంటివి) కూడా ఉండవచ్చని అది సూచిస్తుంది. దివ్యసత్ప్రసాదం (పూజలో స్వీకరించే పవిత్ర అప్పం) పరిపూర్ణులకు ఇచ్చే బహుమతి కాదు, బలహీనులకు మందు అన్న ఫ్రాన్సిస్ గారి పాత మాట కూడా అక్కడే ఉంది.

దీనికి ఎదురు నిలిచినవారు గాలి మాటలు చెప్పలేదు. 1981లో రెండవ జాన్‌పాల్ పోపుగారు, అలాంటివారు దంపతులుగా కాక అన్నాచెల్లెళ్లవలె జీవిస్తేనే సత్ప్రసాదం స్వీకరించవచ్చని స్పష్టంగా రాసి ఉన్నారు. ఆ నియమం నిలిచిందా, మారిందా చెప్పమని 2016లో బర్క్, బ్రాండ్‌ముల్లర్, కఫారా, మైస్నర్ అనే నలుగురు కార్డినళ్లు ఐదు ప్రశ్నలు పంపారు. ఫ్రాన్సిస్ గారు వాళ్లకు నేరుగా జవాబు ఇవ్వలేదు, కానీ బ్యూనస్ ఎయిరిస్ ప్రాంత బిషప్పులు ఆ పాదసూచికను ఉదారంగా అన్వయించినప్పుడు అదే సరైన అర్థమని వారికి ఉత్తరం రాశారు. నలుగురు కార్డినళ్లు అడిగినప్పుడు అవుననో కాదనో చెప్పి ఉండవలసిందని నా అభిప్రాయం, ఆ మౌనమే తర్వాతి చీలికలకు ఎరువు వేసింది. అలాగని ఆ పాదసూచిక తప్పని నేను అనను.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఈ విషయం వచ్చినప్పుడు ఊళ్లో ఎవరి పెళ్లినీ, ఎవరి విడాకులనూ పేరుపెట్టి గాని, పేరు పెట్టకుండా సైగతో గాని ఎత్తకూడదని ముందే చెప్పాలి. భర్త వదిలివెళ్లాక మరొకరితో బతుకు నిలబెట్టుకుని, ఏళ్ల తరబడి సత్ప్రసాదం వేళ చివరి వరుసలో తలవంచుకుని కూర్చునే ఆడవాళ్లు మన విచారణల్లో ఉన్నారు. వాళ్లలో ఒకరు ఆ సాయంత్రం మీ మధ్యనే కూర్చుని ఉండవచ్చు. వాళ్లకు ఇది వాదన కాదు, ఆ మాట గుర్తుంచుకుని గొంతు తగ్గించండి.

ముందు ఎదుటివారి మాట అప్పజెప్పాలి

ఫ్రాన్సిస్ గారు యేసుసభ (జెస్యూట్) గురువుల్లో మొదటి పోపు. ఆ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా గారి ధ్యానాభ్యాసాల్లో 22వ అంశంగా ఒక నియమం ఉంది. మంచి క్రైస్తవుడు పొరుగువాని మాటను ఖండించడానికి కాక, దానికి మంచి అర్థం చెప్పడానికే ముందు సిద్ధపడాలి, అది కుదరకపోతే మీరు ఏ అర్థంతో అన్నారని అడగాలి, ఆ అర్థం తప్పయితే ప్రేమతో దిద్దాలి. సత్యోపదేశం 2478వ అంశం కూడా దీన్ని ఎత్తిచూపింది. ఫ్రాన్సిస్ గారిని మెచ్చుకునేవారు, విమర్శించేవారు కూడా కాదనలేని నియమం కాబట్టి మేము దీన్నే చట్టంగా పెట్టుకున్నాం.

ఆచరణలో దీన్ని ఇలా నడపాలి. ఒకరు మూడు నిమిషాలు మాట్లాడతారు. జవాబు చెప్పదలచినవారు ముందుగా ఆ మాటలను తమ నోటితో అప్పజెప్పి, "నువ్వన్నది ఇదేనా బావా?" అని అడుగుతారు. "ఔ, ఇదే" అనే దాకా తమ వాదం మొదలుపెట్టకూడదు. మొదటిసారి చెరోదారినా పోయిన ఆ బావాబావమరుదుల్లో ఒకరు ఫిదూచియా సుప్లికాన్స్ గురించి మాట్లాడినప్పుడు, రెండోవారు అప్పజెప్పడానికి నాలుగుసార్లు ప్రయత్నించి నాలుగుసార్లూ తప్పారు. ఐదోసారికి కుదిరింది. మొదటాయన బాధ స్వలింగ సంపర్కుల మీద కోపం కాదట. పెళ్లి విషయంలో బోధ మారలేదని చెబుతూనే, క్రమం తప్పిన జంటలకు పూజావిధిలో భాగం కాని చిన్న ఆశీర్వాదం ఇవ్వవచ్చనడం పల్లెలో ఎవరికీ అర్థం కాదని, పక్క వీధిలోని ఇతర సంఘాలవాళ్లు దాన్ని పట్టుకుని ఎగతాళి చేస్తారని ఆయన దిగులు. ఆఫ్రికా బిషప్పులు కూడా 2024 జనవరిలో, తమ దేశాల్లో అలాంటి ఆశీర్వాదాలు అపార్థానికి దారితీస్తాయని, వాటిని ఇవ్వబోమని ప్రకటించారు. అంత జరిగాక కూడా వాళ్లు రోముతో ఐక్యతలోనే ఉన్నారన్న సంగతి ఆయనకు ఊరట ఇచ్చింది.

ఎంతవరకు అనవచ్చు

మన పెద్దవాళ్లకు పోపుగారిని విమర్శించడమే పాపమన్న భయం ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకుండా గలతీయులకు రాసిన లేఖ రెండవ అధ్యాయం 11వ వచనం చదివి వినిపించండి. అంతియోకులో పేతురు తప్పు చేశారని పౌలు గారు ముఖాముఖిగా ఎదిరించారు. శ్రీసభ చట్టసంపుటి 212వ నియమం కూడా, తమ జ్ఞానాన్నీ స్థానాన్నీ బట్టి శ్రీసభ మేలు కోసం తమ అభిప్రాయాన్ని కాపరులకు చెప్పే హక్కు విశ్వాసులకు ఉందని, ఒక్కోసారి అది బాధ్యత కూడా అవుతుందని అంటుంది. కాపరుల పట్ల గౌరవం తప్పకూడదనే షరతు అదే వాక్యంలో ఉంది. ఆ రెండు సగాలనూ కలిపే చదవాలి.

"ఆయన అసలు పోపే కాదు" అన్న మాట దగ్గర మాత్రం చర్చను ఆపేయాలి. నిర్ణయాన్ని తప్పుపట్టడం వేరు, పీఠాన్నే తిరస్కరించడం వేరు. అమెరికాలో వాటికన్ రాయబారిగా పనిచేసిన ఆర్చ్‌బిషప్ విగానో ఆ గీత దాటినందుకే 2024 జూలైలో ఆయనను సభాభేదం (శ్రీసభ నుంచి చీలిపోవడం) నేరం కింద వెలివేసినట్టు వాటికన్ ప్రకటించింది.

వారసత్వం లెక్క తొందరపడి మూయవద్దు

2005లో రెండవ జాన్‌పాల్ గారు మరణించినప్పుడు వెంటనే పునీతుడిని చేయండని జనం కేకలు పెట్టారు, 2014లో ఆయన పునీతులయ్యారు. 2020 నవంబరులో లైంగిక నేరాలు బయటపడి పదవి పోగొట్టుకున్న అమెరికా కార్డినల్ మెకారిక్ మీద వాటికన్ తానే వెలువరించిన నివేదిక చూస్తే, హెచ్చరికలు అందినా జాన్‌పాల్ గారు మెకారిక్‌ను వాషింగ్టన్ ఆర్చ్‌బిషప్‌గా నియమించారని తేలింది. పునీతుల లెక్కల్లోనూ ఇలాంటి పద్దులు వెనక నుంచి వచ్చి చేరతాయి. ఫ్రాన్సిస్ గారి పద్దుల్లో 2018 జనవరి నాటి చిలీ ప్రయాణం ఉంది. లైంగిక నేరాలను కప్పిపుచ్చారన్న ఆరోపణ ఎదుర్కొన్న బిషప్పును వెనకేసుకొచ్చి, ఆ మాటలు అపనిందలని ఆయన బాధితులను నొప్పించారు. విచారణాధికారిని పంపి నివేదిక తెప్పించుకున్నాక, ఏప్రిల్‌లో తాను తీవ్రమైన పొరపాట్లు చేశానని రాసి క్షమాపణ కోరారు. మీ చర్చలో ఈ రెండింటినీ కలిపే చెప్పండి. ఒకటి దాచి ఒకటి చెప్పేవారిని మధ్యలోనే ఆపండి.

ఆయన తర్వాత వచ్చిన పద్నాలుగవ లియో పోపుగారు అంతా తిరగేస్తారని ఒకరు ఆశపడితే, మరొకరు భయపడుతున్నారు. ఈ ఇద్దరికీ ఒక చిన్న సంగతి చెప్పవచ్చు. 2013లో ఫ్రాన్సిస్ గారి మొదటి విశ్వలేఖ చాలావరకు బెనెడిక్ట్ గారు రాసి విడిచిపెట్టినదే. 2025 అక్టోబరులో వచ్చిన లియో గారి మొదటి ప్రబోధం, పేదల పట్ల ప్రేమను గురించినది, ఫ్రాన్సిస్ గారు మొదలుపెట్టి వెళ్లినదే. లియో గారిని ఎన్నుకున్న 133 మంది కార్డినళ్లలో 108 మంది ఫ్రాన్సిస్ గారు నియమించినవారన్నది కూడా లెక్కలోకి తీసుకోవలసిందే.

మన గడప దగ్గరి పద్దులు

చివరి సమావేశాన్ని మన జిల్లాకు తగిలిన విషయాలకే ఉంచండి. 2015 నాటి లౌదాతో సీ 30వ పేరా, తాగదగిన శుభ్రమైన నీరు మనిషి ప్రాథమిక హక్కని చెబుతుంది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయినవారిని మర్రిగూడ వైపు చూసిన మనకు ఆ పేరాకు వ్యాఖ్యానం అక్కరలేదు, కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు కావాలేమో. ఆత్మల రక్షణ చెప్పవలసిన పోపుకు నీళ్ల సంగతి ఎందుకనే విమర్శ కూడా అక్కడ ఎవరో ఒకరు లేవనెత్తాలి. (అదే లేఖలో 55వ పేరా ఏసీల వాడకం పెరగడాన్ని తప్పుపడుతుంది. మే నెలలో మిర్యాలగూడలో కూర్చుని ఆ పేరా రాయగలిగేవారా అని మా వాళ్లు నవ్వుకున్నారు.) 2013 జూలైలో ఫ్రాన్సిస్ గారు రోము దాటి చేసిన మొదటి ప్రయాణం సముద్రంలో చనిపోయిన వలసజీవుల కోసం లాంపెదూసా దీవికి. ముంబయి, పూణే పనులకు వెళ్లి రాని మనుషుల కోసం ఎదురుచూసిన పాలమూరు ఇళ్లలో ఆ ప్రయాణం ఐరోపా రాజకీయంగా కనిపించదు.

ఇక అందరూ చుట్టూ తిరిగి, లోపలికి వెళ్లకుండా వదిలేసే పద్దు ఒకటుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల అంతోని గారిని ఫ్రాన్సిస్ గారు కార్డినల్ చేశారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్ ఆయనే. అందులో కులం సంగతి ఎందుకని మా దగ్గర ఒకరన్నారు. అప్పుడు మా ఉపదేశి (విచారణలో సత్యోపదేశం చెప్పేవారు) ఏమీ మాట్లాడకుండా గది వంక చూపించారు. కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో, గోడవార చాప మీద ఎవరు కూర్చున్నారో ఎవరూ నిర్ణయించలేదు, అలవాటు నిర్ణయించింది. తర్వాతి నెలనుంచి కుర్చీలు తీసేసి అందరికీ చాపలే వేస్తున్నాం, మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లకు మాత్రం, వాళ్లు ఎవరైనా, కుర్చీ ఇస్తాం. ఈ పనిని మీరు మొదటి రోజే చేయండి.

తేలని ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో రాసి ఫాదర్ గారికి అప్పగించాలి, చివరి పావుగంట వాటికే. మా పుస్తకంలో ఇప్పటికి ఏడు ప్రశ్నలున్నాయి. వాటిలో మొదటిది, కుర్రాణ్ని కసిరిన ఆ మరియదళం పెద్దమ్మదే: "రోజూ పూజల పోపుగారి కోసం ప్రార్థన చేస్తం గదా ఫాదర్, ఆయన చేసే పని తప్పని మనసుకు తోస్తే ఏమని ప్రార్థన చెయ్యాలె?" ఫాదర్ గారు దానికి వచ్చే నెల వరకు గడువు అడిగారు.